వంట తెలిసిన కెప్టెన్, బాక్సింగ్ తెలిసిన డాక్టరమ్మ

డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి కాలేజీల మధ్య జరిగే క్విజ్ పోటీకి వెళ్ళాం. జట్టులో ముగ్గురం. ఇద్దరు అబ్బాయిలు, నేను. సైన్సు, ఆటలు, రాజకీయాలు వాళ్ళవి. పురాణాలు, సాహిత్యం నావి. ఈ పంపకం ఎవరూ కూర్చుని చేసింది కాదు, దానంతటదే జరిగిపోయింది. 1983 క్రికెట్ ప్రపంచ కప్పు ఫైనల్లో 'మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్' ఎవరని అడిగారు. మొహిందర్ అమర్‌నాథ్ అని నాకు తెలుసు. జట్టు నాయకుడి చెవిలో చెప్పాను కూడా. అతను నావైపు ఓసారి చూసి, రెండోవాడివైపు తిరిగి, మైకులో గట్టిగా 'కపిల్ దేవ్' అన్నాడు.

పోటీ ఓడిపోయాం. అది పెద్ద విషయం కాదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో 'నీకెలా తెలుసు?' అని అడిగాడు. నాకు ఆ సంగతి చెప్పింది అమ్మ. 1983 జూన్ 25 రాత్రి రేడియో పక్కన కూర్చుని కామెంటరీ మొత్తం విన్నదట. అమర్‌నాథ్ 26 పరుగులు చేసి, 12 పరుగులకే మూడు వికెట్లు తీశాడని ఇప్పటికీ తడుముకోకుండా చెబుతుంది. కానీ నేను బస్సులో ఏమన్నానో తెలుసా? 'మా నాన్న చెప్పారు' అన్నాను.

ఆ అబద్ధం చాలాకాలం మర్చిపోయాను. స్త్రీల పత్రికల్లో సలహా శీర్షికల చరిత్ర మీద పనిచేస్తూ, అమెరికాలో దశాబ్దాలపాటు అలాంటి శీర్షిక రాసిన డాక్టర్ జాయిస్ బ్రదర్స్ గురించి చదవాల్సి వచ్చినప్పుడు అది మళ్ళీ గుర్తొచ్చింది. 'గుడ్ హౌస్‌కీపింగ్' పత్రికలోనూ, రేడియోలోనూ, టీవీలోనూ ఆడవాళ్ళ సమస్యలకు జవాబులు చెప్పిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆవిడ. అంత పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెనక్కి వెడితే తేలిందేమిటంటే, మనస్తత్వ శాస్త్రం నుంచి కాదు, బాక్సింగ్ నుంచి.

ఆమె 1927లో న్యూయార్క్‌లో పుట్టింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గృహవిజ్ఞానం, మనస్తత్వ శాస్త్రం రెండూ చదివింది. 1953లో కొలంబియా నుంచి మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ తీసుకుంది. కొన్నాళ్ళు పాఠాలు చెప్పింది. కూతురు పుట్టాక, పిల్లని తనే పెంచుకోవాలనుకుని ఉద్యోగం మానేసింది. భర్త మిల్టన్ అప్పటికింకా ఆసుపత్రిలో శిక్షణలో ఉన్న డాక్టరు, వచ్చే జీతం బొటాబొటి. ఇంతవరకూ ఈ కథ మనందరికీ తెలిసినదే. పేర్లు మారిస్తే మన విశ్వవిద్యాలయాల హాస్టళ్ళలో నాతోపాటు ఉన్న సగంమంది అమ్మాయిల కథ. తేడా ఏమిటంటే, డబ్బు ఇబ్బంది నుంచి బయటపడటానికి ఆవిడ ఎంచుకున్న దారి టెలివిజన్ క్విజ్.

1955 జూన్ 7న సి.బి.ఎస్. చానల్లో 'అరవైనాలుగు వేల డాలర్ల ప్రశ్న' అనే కార్యక్రమం మొదలైంది. దానికి ముందు రేడియోలో ఇలాంటిదే ఒకటి ఉండేది, అందులో పెద్ద బహుమతి 64 డాలర్లు. టీవీ వచ్చేసరికి దాన్ని వెయ్యి రెట్లు చేశారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి బహుమతి కార్యక్రమాలు లాటరీ కిందికి రావని తీర్పు చెప్పడంతో అడ్డు తొలగిపోయింది. ఒక్కో జవాబుకి సొమ్ము రెట్టింపవుతూ పోతుంది. పై మెట్లకి చేరాక వారానికి ఒక్కటే ప్రశ్న. వచ్చిన డబ్బు తీసుకుని వెళ్ళిపోతారా, ఇంకో ప్రశ్నకి నిలబడతారా అని దేశమంతా వారం రోజులు చర్చించుకునేది. 8,000 డాలర్ల మెట్టు దగ్గర్నుంచి పోటీదారుని బయటి మాటలు వినపడని అద్దాల గదిలో నిలబెట్టేవారు. ప్రశ్నలు బ్యాంకు ఉద్యోగి సీలు వేసిన కవర్లో తెచ్చేవాడు. ఇంత హంగామా ఎందుకంటే, ఇందులో మోసం లేదని జనం నమ్మాలి.

కార్యక్రమాన్ని పోషించింది రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ. అంటే లిప్‌స్టిక్కులు, గోళ్ళరంగులు. 1954లో ఆ కంపెనీ అమ్మకాలు సుమారు 3 కోట్ల 36 లక్షల డాలర్లు. 1955లో 5 కోట్ల 16 లక్షలు. 1956లో 8 కోట్ల 57 లక్షలు. ఒకరి జ్ఞాపకశక్తి చూడటానికి కూర్చున్న ఆడవాళ్ళందరికీ మధ్యలో పెదవుల రంగు చూపించడం వల్ల వచ్చిన పెరుగుదల ఇది. క్విజ్ అంటే జ్ఞానానికి సంబంధించిన వ్యవహారమని అమాయకంగా అనుకునేవాళ్ళు ఈ అంకెలు ఒకసారి చూడాలి.

కార్యక్రమానికి ఒక రహస్య సూత్రం ఉంది. రహస్యం అని ఎందుకన్నానో గానీ, అది అందరికీ కనిపిస్తూనే ఉండేది. మనిషికీ, ఆ మనిషికి తెలిసిన విషయానికీ పొంతన ఉండకూడదు. చెప్పులు బాగుచేసే జీనో ప్రాటోకి ఒపేరా సంగీతం. పోలీసు రెడ్మండ్ ఓ'హాన్లన్‌కి షేక్‌స్పియర్. మర్టిల్ పవర్ అనే అమ్మమ్మగారికి బేస్‌బాల్. బాల్టిమోర్ నుంచి వచ్చిన పన్నెండేళ్ళ నల్లజాతి పాప గ్లోరియా లాకర్‌మన్‌కి ఇంగ్లీషు స్పెల్లింగు. ఆ పాప ఇరవై ఎనిమిది అక్షరాల మాటని ఒక్క తప్పు లేకుండా చెప్పినప్పుడు దేశం ముక్కుమీద వేలేసుకుంది. ఎందుకని? అంత పెద్ద మాట పిల్లకి వచ్చినందుకా, ఆ రంగు పిల్లకి వచ్చినందుకా? చెప్పుల పని చేసే మనిషికి సంగీతం తెలియడం, నల్లపిల్లకి స్పెల్లింగు తెలియడం వింత అనుకునే సమాజమే ఈ కార్యక్రమాన్ని చూసి ఆనందించగలదు. మెచ్చుకోలులోనే ఎంత చిన్నచూపు దాగుంటుందో దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు నాకు.

మొట్టమొదట 64,000 డాలర్లు గెలిచింది రిచర్డ్ మెకచెన్ అనే నౌకాదళ పదాతి సైన్యపు కెప్టెన్. 1955 సెప్టెంబర్‌లో. ఆయన విషయం వంట! 1939లో ఇంగ్లండు రాజు ఆరవ జార్జి ఫ్రాన్సు అధ్యక్షుడు లెబ్రన్‌కి ఇచ్చిన విందులో ఐదు వంటకాల పేర్లు, రెండు మద్యాల పేర్లు చెప్పమని చివరి ప్రశ్న. చెప్పాడు. దేశం చప్పట్లు కొట్టింది. యూనిఫాం వేసుకున్న మగవాడికి వంట గురించి ఇంత తెలుసా అని మురిసిపోయింది.

ఇప్పుడు జాయిస్ బ్రదర్స్ దగ్గరికి వద్దాం. గృహవిజ్ఞానంలో విశ్వవిద్యాలయ పట్టా ఉన్న మనిషి. మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ ఉన్న మనిషి. ఈ రెంటిలో దేన్నీ ఎవరూ అడగలేదు. ఆడమనిషికి వంటా, ఇల్లూ, మనుషుల మనసులూ తెలియడంలో వింతేముంది? తెల్లటి సన్నపాటి మనిషి, మెత్తటి గొంతు, చంటిపిల్ల తల్లి. ఆమె నోట రక్తాలు కారే బాక్సింగ్ కబుర్లు వస్తే కదా వింత! బాక్సింగ్ మొదట ఆవిడ అనుకున్న విషయం కాదు. కార్యక్రమం వాళ్ళకి కావలసింది అదని తెలుసుకుని, సరేనంది. బాక్సింగ్ చరిత్ర మీద దొరికిన రిఫరెన్సు పుస్తకాలన్నీ ముందేసుకుని కంఠతా పట్టింది.

నేనూ పీహెచ్‌డీ చేసినదాన్నే. ఒక అంశం మీద ఐదారేళ్ళు కూర్చోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆమె డాక్టరేట్‌కి పెట్టిన ఏళ్ళ చదువుకి దొరికింది తక్కువ జీతపు ఉద్యోగం, అదీ పిల్ల పుట్టగానే పోయింది. కొద్ది వారాల్లో బట్టీ పట్టిన బాక్సింగ్‌కి 64,000 డాలర్లు వచ్చాయి. ఈ లెక్క చూసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

ఆట మధ్యలో ఒక ఘట్టం ఉంది. పోషకులకు ఆమె నచ్చలేదని, ఇక పంపించెయ్యాలనుకున్నారని ఆ కార్యక్రమం చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. అందుకోసం బాక్సర్ల గురించి కాకుండా రిఫరీల గురించి అడిగారట. బాక్సింగ్ అభిమానులెవరు రిఫరీల పేర్లు గుర్తుపెట్టుకుంటారు? నిజమే, అభిమానులు గుర్తుపెట్టుకోరు. కానీ ఆమె అభిమాని కాదు, పరిశోధకురాలు. అభిమానం ఉన్నవాళ్ళు తమకిష్టమైన పేజీలు చదువుతారు. పరిశోధన చేసేవాళ్ళు పుస్తకం చివర ఉన్న పట్టికలు కూడా చదువుతారు. ఆమె వాటిని చదివింది. జవాబులు చెప్పింది. 1955 డిసెంబర్‌లో 64,000 డాలర్లూ గెలిచింది. ఆ మెట్టు ఎక్కిన రెండో మనిషి, మొదటి స్త్రీ. కార్నెల్, కొలంబియా ఆమెకి ఇచ్చింది చదివే అలవాటు. దాన్ని ఎవరూ పైకి అడగలేదు గానీ ఆమెను గెలిపించింది అదే.

మరి ఈ గెలుపు గురించి ఎలా చెప్పుకున్నారు? ఏ వ్యాసం చదివినా మొదటి వాక్యాల్లోనే భర్త వస్తాడు. ఆయనకు బాక్సింగ్ ఇష్టమట. కాబట్టి ఈవిడకు తెలిసిందట! ఆయన సరదాగా చూసేవాడు. ఈవిడ పుస్తకాలు తిరగేసి రాత్రింబగళ్ళు చదివింది. అయినా ఆ జ్ఞానానికి ఇంటిపేరు ఆయనదే. ఈ మాట చదివినప్పుడే బస్సులో నేను చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. అక్కడ పత్రికలవాళ్ళు చేసిన పని ఇక్కడ నేనే చేశాను. అమ్మ రాత్రంతా మేలుకుని విన్న క్రికెట్‌ని నాన్న పేరున రాసిచ్చేశాను. నాన్న ఆ రాత్రి తొమ్మిదింటికే నిద్రపోయారట.

1957లో ఆమె అదే సంస్థ నడిపిన రెండో కార్యక్రమంలో పాల్గొని, మళ్ళీ పెద్ద బహుమతే గెలిచింది. అదే ఏడు సెప్టెంబర్‌లో కార్మెన్ బాసీలియో, షుగర్ రే రాబిన్సన్‌ల మధ్య జరిగిన పోటీకి సి.బి.ఎస్. తరఫున వ్యాఖ్యానం చేసింది. బాక్సింగ్‌కి వ్యాఖ్యాతగా వ్యవహరించిన తొలి మహిళ అని చెబుతారు. జ్ఞాపకశక్తి మీద సహరచయితతో కలిసి పుస్తకం కూడా తెచ్చింది. 1958లో గానీ మనస్తత్వ శాస్త్రం గురించి మాట్లాడమని టీవీవాళ్ళు పిలవలేదు. తన సొంత చదువు గురించి నోరు విప్పడానికి ముందు ఎవరో కొట్టుకున్న కొట్లాటలన్నీ అప్పజెప్పాల్సి వచ్చింది. ఆ తరవాత ఆవిడ ఇచ్చిన సలహాలన్నీ నాకు నచ్చుతాయని కాదు. భర్తని ఎలా అర్థం చేసుకోవాలనే మాటలే ఎక్కువ, భర్త ఎందుకు అర్థం చేసుకోడనేది తక్కువ. అయినా ఆ దారి ఆవిడ ఏ గుమ్మంలోంచి దూరి సంపాదించుకుందో తెలిశాక కోపం కొంచెం తగ్గుతుంది.

ఇంతలో బండారం బయటపడింది. అది కూడా ఒక అమ్మాయి నోటుపుస్తకం నుంచి. 1958 మేలో 'డాటో' అనే మరో క్విజ్‌లో మేరీ విన్ అనే విద్యార్థిని గెలుస్తోంది. తన వంతు కోసం తెర వెనక ఎదురుచూస్తున్న ఒకతను ఆమె నోటుపుస్తకం తీసి చూస్తే, అడగబోయే ప్రశ్నలకు జవాబులు అందులో ముందే రాసున్నాయి. ఆగస్టులో ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. ఎన్.బి.సి.లో వచ్చే 'ట్వెంటీ వన్'లో దేశం నెత్తిన పెట్టుకున్న చార్లెస్ వాన్ డోరెన్, కొలంబియాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే పండిత కుటుంబీకుడు, జవాబులు ముందే తీసుకున్నానని 1959 నవంబర్ 2న అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు ఒప్పుకున్నాడు. న్యూయార్క్‌లో గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యం చెప్పిన దాదాపు 150 మందిలో 100 మంది దాకా అబద్ధం చెప్పి ఉంటారని అంచనా. 1960లో చట్టం మార్చి ఇలాంటి మోసాన్ని నేరం చేశారు.

ఈ కుంభకోణం మీద సినిమా వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. అన్నింటిలోనూ ఇది ఇద్దరు మగవాళ్ళ కథ. పెద్దింటి వాన్ డోరెన్, అతని చేతిలో కావాలని ఓడిపోవాల్సి వచ్చిన హెర్బర్ట్ స్టెంపెల్. వాన్ డోరెన్‌ని 1957 మార్చి 11న ఓడించింది మాత్రం వివియన్ నియరింగ్ అనే న్యాయవాది. బెల్జియం రాజు పేరు అతను చెప్పలేకపోయాడు. అంతకుముందు ఆమె భర్త కూడా అదే కార్యక్రమంలో వాన్ డోరెన్ చేతిలో ఓడిపోయాడు. భర్త ఓడినచోట భార్య గెలవడం! నాటకానికి ఇంతకంటే మంచి మలుపు ఏం కావాలి? ఆ మలుపు కూడా వాళ్ళు ముందుగా రాసుకున్నదే. గ్రాండ్ జ్యూరీ ముందు అబద్ధం చెప్పినందుకు 1962లో వాన్ డోరెన్‌తోపాటు ఆమె కూడా నేరం ఒప్పుకుని, జైలుకి వెళ్ళనక్కర్లేని శిక్షతో బయటపడింది. ప్యాటీ డ్యూక్ అనే బాలనటి సంగతి ఇంకా బాధాకరం. పన్నెండేళ్ళ పిల్ల. పాటల గురించిన ప్రశ్నలకు జవాబులు ముందే నేర్పి నిలబెట్టారు. 1959లో ఆ పిల్లని కూడా ఉపసంఘం ముందుకు పిలిచి నిజం చెప్పించారు.

నోటుపుస్తకం అమ్మాయి మేరీ విన్ తరవాత రచయిత్రి అయింది. టెలివిజన్ పిల్లలకు మత్తుమందులా అలవాటవుతుందని వాదిస్తూ 1977లో ఆమె రాసిన పుస్తకం చాలా పేరు తెచ్చుకుంది. తెర వెనక ఏం జరుగుతుందో ఆమెకు తెలిసినంతగా ఎందరికి తెలుసు?

జాయిస్ బ్రదర్స్ మీదా అనుమానం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? తనకెవరూ జవాబులు ముందుగా ఇవ్వలేదని ఆమె గట్టిగా చెప్పింది. 1959 విచారణలో ఒక నిర్మాత కూడా ఆమెకు ఇందులో భాగం లేదన్నాడు. తప్పించుకోవడానికి కాదు, ఓడించడానికి వేసిన ఆ రిఫరీల ప్రశ్నే చివరికి ఆమెకు సాక్ష్యంగా నిలబడిందని నాకనిపిస్తుంది.

నలభై ఏళ్ళ తరవాత ఇంగ్లండులో మళ్ళీ ఇలాంటిదే జరిగింది. 1998లో అక్కడ మొదలైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్'లో మొట్టమొదట పది లక్షల పౌండ్లు గెలిచింది జూడిత్ కెపెల్, 2000 నవంబర్ 20న. ఆ రాత్రే పోటీ చానల్లో ఎంతో పేరున్న హాస్య ధారావాహిక ఆఖరి భాగం వస్తోంది. దాన్ని దెబ్బతీయడానికే ఈవిడని గెలిపించారని గోల చేశారు. నియంత్రణ సంస్థ విచారించి అలాంటిదేమీ లేదని తేల్చింది. అనుమానం చానల్ మీదే, నిజమే. కానీ ఆమెకు తెలుసు కాబట్టి చెప్పింది అనే మామూలు సంగతి అందరికీ ఆఖరున తట్టింది. ఆ తరవాత 'ఎగ్‌హెడ్స్' అనే క్విజ్ కార్యక్రమంలో ఏళ్ళ తరబడి కూర్చుని, అడిగినవాటికల్లా జవాబులు చెబుతూ పోయింది ఆవిడ.

ఆ ఇంగ్లండు కార్యక్రమమే 2000 జులై 3న 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా మన దేశానికొచ్చింది. భాష చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ముందు పేరే కనిపిస్తుంది. 'బనేగా' పుంలింగ క్రియ. 2014లో తెలుగులోకి వచ్చినప్పుడు అది 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అయింది. హిందీలో లింగం క్రియలో దాక్కుంటే, తెలుగులో డుప్రత్యయం ఎదురుగా వచ్చి నిలబడింది. నాగార్జున, తరవాత 2017లో చిరంజీవి, ఆ 'డు'ని పలుకుతూనే ఆడవాళ్ళని హాట్ సీట్‌లోకి ఆహ్వానించారు. 2021లో ఎన్టీఆర్‌తో వేరే చానల్లో వచ్చినప్పుడు 'ఎవరు మీలో కోటీశ్వరులు' అని మారింది. ఎందుకు మార్చారో మరి, బహువచనం వల్ల మనకీ కాస్త చోటు దొరికింది. ఏకవచనంలో స్త్రీలింగం కావాలంటే తమిళం దాకా వెళ్ళాలి. 2019 డిసెంబర్‌లో రాధిక నిర్వహించిన 'కోడీశ్వరి'లో పోటీదారులంతా ఆడవాళ్ళే. మాట, వినికిడి లేని కౌసల్యా కార్తిక 2020 జనవరిలో అందులో కోటి రూపాయలు గెలిచింది. అడిగేచోట కూడా స్త్రీ కూర్చోవడం హిందీ, తెలుగు కార్యక్రమాల్లో మనం చూడలేదు. ఆడవాళ్ళు జవాబులే చెప్పారు.

హిందీలో తొలి కోటీశ్వరుడు ఆ ఏడే వచ్చాడు. ఒంటరిగా ఆడి కోటి గెలిచిన తొలి స్త్రీకి పదేళ్ళు పట్టింది. 2010లో జార్ఖండ్‌లోని గిరిడీహ్ నుంచి వచ్చిన రాహత్ తస్లీమ్. 2013 జనవరిలో సున్మీత్ కౌర్ సాహ్నీ 5 కోట్లు గెలిచింది. 2021లో ఆగ్రాకి చెందిన, చూపులేని ఉపాధ్యాయిని హిమానీ బుందేలా కోటి గెలిచింది. వీళ్ళ ఎపిసోడ్లు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. అమెరికావాళ్ళ పొంతనలేనితనం మన దగ్గర కష్టాల కథగా మారింది. ఆట మొదలయ్యేముందు చిన్న వీడియో వేస్తారు. ఇల్లు, వంటగది, ఆగిపోయిన చదువు, వెనక ఏడుపు సంగీతం. ఆ తరవాతే ప్రశ్న. జ్ఞానం కంటే ముందు కన్నీళ్ళు చూపించాలి, అది ఇక్కడి ప్రవేశ రుసుము.

2019లో కోటి గెలిచిన బబితా తాడే మహారాష్ట్రలోని అమరావతి జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. నెలకి 1,500 రూపాయల గౌరవవేతనం. వందల మంది పిల్లలకు రోజూ కిచిడీ వండేది. కిచిడీ రుచిగా ఉంటుందని అక్కడ అందరూ మెచ్చుకున్నారు కూడా. ఏ లెక్కన ఎంత బియ్యానికి ఎంత పప్పు, ఎసట్లో నీళ్ళెన్ని, కట్టెలపొయ్యి అయితే ఎంతసేపు, ఆలస్యంగా వచ్చిన పిల్లాడికి అడుగున ఎంత మిగల్చాలి, ఇవన్నీ ఆమెకు తెలుసు. వీటిలో ఒక్కటి కూడా ఆమెను కోటీశ్వరిని చెయ్యలేదు. పోటీ పరీక్షల పుస్తకాలు చదివి నేర్చుకున్నవి చేశాయి. రాజుగారి విందులో ఏం వడ్డించారో చెప్పిన కెప్టెన్‌కి 64,000 డాలర్లు. వండేవాళ్ళకి నెలకి 1,500. ఇద్దరి మధ్యా అరవైనాలుగేళ్ళ దూరం, రెండు ఖండాల దూరం ఉంది. అయినా వంట ఎప్పుడు జ్ఞానమవుతుందో, ఎప్పుడు పని మాత్రమే అవుతుందో తేల్చే చెయ్యి మాత్రం ఒకటే అనిపిస్తుంది నాకు.

ఇవి రాసుకుంటూ, నా పరిశోధనలోనే ఉన్న 'ప్రమదావనం' వైపు చూశాను. 'ఆంధ్రప్రభ' వారపత్రికలో మాలతీ చందూర్ దశాబ్దాలపాటు నడిపిన ప్రశ్నలు జవాబుల శీర్షిక. ఊళ్ళల్లో ఉన్న ఆడవాళ్ళు కార్డుముక్కల మీద రాసి పంపేవారు. జడ రాలిపోతోందనీ, అత్తగారు మాట్లాడనివ్వడం లేదనీ, ఫలానా దేశం ఎక్కడుందనీ. వంటల పుస్తకం రాసిన మనిషీ, ప్రపంచ నవలల్ని తెలుగువాళ్ళకి పరిచయం చేసిన మనిషీ ఒకరే కాబట్టి, ఆవిడ దగ్గర ఇది పెద్ద ప్రశ్న, అది చిన్న ప్రశ్న అనే మెట్లు లేవు. డబ్బు లేదు, గడియారం లేదు, అద్దాల గది లేదు. అన్నిటికంటే, ప్రశ్న ఏదో నిర్ణయించేది అడిగే ఆడమనిషే. సాహిత్య విభాగాల్లో ఇలాంటి శీర్షికల్ని పరిశోధనాంశంగా తీసుకుంటానంటే 'కాలక్షేపం సాహిత్యం కదమ్మా' అంటారు. నన్నూ అన్నారు.

పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకి బస్సులో చెప్పిన అబద్ధం గురించి చెప్పాను. ఇన్నేళ్ళకి. అమ్మ పెద్దగా పట్టించుకోలేదు. ఆదివారం పేపర్లో గళ్ళ నుడికట్టు పూరిస్తోంది. 'అమర్‌నాథ్ అన్నావా, అన్లేదా?' అని మాత్రం అడిగింది. అన్నానని చెప్పాను. ఇంకేం చెప్పాలో తెలియక కెప్టెన్ మెకచెన్ కథ కూడా చెప్పాను. అరవైనాలుగు వేల డాలర్లు, రాజుగారి విందు, ఐదు వంటకాలు, రెండు మద్యాలు.

'వండినవాళ్ళ పేరు అడిగారా?' అంది.

లేదన్నాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ పేపరు మీదికి వంగింది. నిలువు ఏడు ఇంకా ఖాళీగానే ఉంది.